గట్టు మీద ఏడు రాళ్ళు

లచ్చమ్మకు కొత్తవాళ్ళంటే అనుమానం. పాతవాళ్ళంటే ఇంకా అనుమానం. పాలవాడు పోసిన పాలను వాడి ముందే తన గ్లాసుతో మళ్ళీ కొలుస్తుంది. కొడుకు చెప్పిన మాటను పక్కింట్లో అడిగి ఖాయం చేసుకుంటుంది. బస్సెక్కితే ఇది శంషాబాద్ పోతుందా అని డ్రైవర్ని అడిగి, కండక్టర్ని అడిగి, పక్కన కూర్చున్న మనిషిని కూడా అడిగి అప్పుడు కొంగులోంచి టికెట్ డబ్బులు తీస్తుంది. అలాంటి మనిషి అడగాల్సిన చోట అడక్కుండా ఊరుకుంది. జన్మలో ఒక్కసారే ఊరుకుంది, అదే ఆమె కొంప ముంచింది.

నిజానికి ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, విమానాశ్రయంతో వచ్చింది. ఇప్పుడు విమానాలు దిగుతున్న చోట ఆమె మొగుడు బిక్షానికి నాలుగెకరాల చెలక ఉండేది. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు నోటుబుక్కు పట్టుకుని వచ్చారు. ఇంట్లో ఎంతమంది, పిల్లలెందరు, బోరుందా లేదా అని అడిగి రాసుకున్నారు. లచ్చమ్మ వాళ్ళకు చల్ల ఇచ్చి, "ఇవన్ని ఎందుకు సారూ" అంటే, "ఊరికేనమ్మా" అన్నారు. వారం తిరక్కుండా చెలక గట్టు మీద సర్వే రాళ్ళు లేచాయి. బిక్షం కోపం పట్టలేక ఒక రాయిని పీకి అవతల పారేశాడు. పోలీసులొచ్చి తీసుకుపోయి పొద్దుగూకే దాకా ఠాణాలో కూర్చోబెట్టారు. మర్నాటికి ఆ రాయి మళ్ళీ అక్కడే లేచింది. తర్వాత నోటీసు వచ్చింది, తర్వాత చెక్కు వచ్చింది, ఆ తర్వాత గోడ వచ్చింది.

ఆ చెక్కుతో పాల్మాకులలో మేడ మీద ఒక గది ఉన్న ఇల్లు, ఊరి చివర ఎకరన్నర భూమి కొన్నారు. కొన్న మూడో ఏడు బిక్షం పోయాడు. కొడుకు నవీన్‌కుమార్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. లచ్చమ్మకు ఇక మిగిలిందల్లా ఆ ఎకరన్నరే. అందులో చిక్కుడు, టమాటా, పాలకూర వేసి, కోసి, ఆటోలో శంషాబాద్ తీసుకుపోయి అమ్ముకుంటుంది. మోకాళ్ళు నొప్పెడుతున్నాయని కొడుకు మానెయ్యమంటే, "నా భూమి మీద నిలబడ్డప్పుడే నాకు నొప్పి తెల్వది, ఇంట్ల కూసుంటెనే తెలుస్తది" అంటుంది.

రెండువేల పన్నెండులో, బాలాపూర్ లడ్డూ వేలంపాట టీవీలో చూస్తుండగా గేటు ముందు ఆటో ఆగింది. బుద్వేల్ పాస్టరు దిగాడు. వెనకాలే ఒక తెల్లాయన, ఒక తెల్లామె, నాలుగు పెట్టెలు దిగాయి. వాళ్ళది బ్రెజిల్ దేశమనీ, భార్యాభర్తలనీ, పేర్లు మార్కోస్, సిల్వియా అనీ, దేవుని పని మీద వచ్చారనీ, ముందు మన భాష, మన బతుకు నేర్చుకుంటారనీ పాస్టరు చెప్పాడు. లచ్చమ్మ గంటసేపు అడిగింది. పిల్లలెందుకు లేరు, తాగుతారా, తెల్లవాళ్ళంటే ఊళ్ళో అమెరికా అనుకుంటారు కదా మరి బ్రెజిల్ ఎక్కడుంది, కిరాయి ఏ తారీఖున ఇస్తారు. అన్నీ రెండుసార్లు అడిగి, చివరికి దేవుడి సంగతి కూడా తేల్చేసింది.

"నా ఎల్లమ్మ నాకున్నది. మీ దేవుని ముచ్చట నాకు చెప్పొద్దు, నా దేవుని ముచ్చట నేను మీకు చెప్ప. ఒప్పుకుంటెనే తాళంచెవి."

మార్కోస్ తల ఊపి ఆ మాటను బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నాడు. నోటుబుక్కు చూడగానే లచ్చమ్మ తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. కానీ పాస్టరు ముందు బాగుండదని తాళంచెవి ఇచ్చేసింది.

కొత్త కాపురం ఎవరికైనా తిప్పలే. పరాయి దేశంలో అయితే ఇక చెప్పాలా? కరెంటు ఎప్పుడు పోతుందో తెలియక మోటారు వేసి మరిచిపోయేవారు. కరెంటు తిరిగొచ్చాక ట్యాంకు నిండి గోడంతా కారేది. పాలు పొంగించడం, అన్నం మాడ్చడం వాళ్ళకు నిత్యకృత్యం. మొదటిసారి విమానం మేడ మీదుగా తక్కువలో పోయినప్పుడు సిల్వియా బట్టలు ఆరేస్తున్నదల్లా బకెట్ పక్కన కూలబడింది. వాళ్ళకు తెలుగు చెప్పే పంతులు గుంటూరు వైపు మనిషి, పైగా పాతకాలం మనిషి. దాంతో వాళ్ళ మాట ఉత్తరం రాసినట్టుండేది. "లచ్చమ్మ గారూ, దయచేసి మాకు నీళ్ళ టాంకరు వాని సంఖ్యను తెలుపగలరా?" అని సిల్వియా అడిగితే లచ్చమ్మకు నవ్వాగేది కాదు. సాయంత్రాలు ఆ పిల్ల కిందికి వచ్చి, అడక్కుండానే చిక్కుడుకాయల పీచు తీస్తూ కూర్చునేది. మోకాళ్ళకు వాళ్ళ దేశపు తైలం తెచ్చి రాసింది కూడా.

పాపం మంచిదే అనుకునేది లచ్చమ్మ. మంచం మీద నడుం వాల్చగానే ఇంకోటి అనుకునేది. ఇంత మంచితనం ఊరికే ఉంటదా?

డిసెంబరు చలి మొదలయ్యేసరికి ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే అయింది. మొగుడూ పెళ్ళాం తెల్లవారుజామునే లేచి ఊరు తిరగడం మొదలుపెట్టారు. ఊరికే తిరగడం కాదు. ఒక్కో గేటు ముందు ఆగుతారు, కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతారు, నోటుబుక్కులో ఏదో రాసుకుని ముందుకు పోతారు. పగటిపూట ఎవరైనా ఎదురైతే పేరేమిటి, పిల్లలెందరు, ఏ పంట వేశారు అని అడుగుతారు. మతం మార్చుకొమ్మని అడిగి ఉంటే లచ్చమ్మ వాళ్ళ మొహం మీదే తలుపు వేసి, ఆ సంగతి అక్కడితో మరిచిపోయేది. పేర్లూ, పిల్లలూ, పంటలూ రాసుకునేవాళ్ళంటేనే ఆమెకు భయం.

ఒకరోజు ట్యాంకు చూసే వంకతో మేడ ఎక్కింది. తలుపు తీసే ఉంది. గోడకు పెద్ద కాగితం అంటించి ఉంది. దాని మీద ఊరంతా బొమ్మ గీసి ఉంది. గుడి, బడి, చేదబావి, ఊరి చివర పొలాలు. చదువు రాకపోయినా తన ఇల్లు ఏదో లచ్చమ్మకు తెలిసిపోయింది, ఎందుకంటే దాని మీద ఎర్రగా గుర్తు పెట్టారు. చెలక పోయినప్పుడు సర్వేవాళ్ళ చేతుల్లో ఇలాంటి పటాన్నే ఆమె చూసింది. చేతులు వేరు, అంతే.

కిందికి దిగాక సిల్వియాను మాటల్లో పెట్టి కదిపి చూసింది. "పొద్దుగాల పొద్దుగాల ఏడికి పోతున్నరు బిడ్డా?"

సిల్వియా ఒక్క క్షణం తడబడింది. "నడకకు, లచ్చమ్మ గారూ. మీ గ్రామము కొరకు తిరుగుచున్నాము."

ఊరి కోసం తిరగడమేంటి? వ్యాయామం కోసం తిరుగుతారు, ఊరి కోసం ఎవరు తిరుగుతారు? ఆ పిల్ల చూపు తప్పించిందని లచ్చమ్మ గమనించింది. ఇంకా అడిగి లాభం లేదనుకుంది. అప్పుడూ "ఊరికేనమ్మా" అన్నారు, ఇప్పుడూ అంతే. నిజం చెప్పేవాళ్ళయితే దాచడమెందుకు?

మర్నాడు పొద్దున చిక్కుడు కోయడానికి పోతే, తూర్పు గట్టు మూల మీద ఒక రాయి కనిపించింది. గుండ్రంగా, శుభ్రంగా, ఎవరో పనిగట్టుకుని పెట్టినట్టుంది. లచ్చమ్మ దాన్ని ముట్టుకోలేదు. రెండో రోజు రెండు రాళ్ళు అయ్యాయి. మూడో రోజు మసక చీకట్లో దూరం నుంచి కనిపెట్టుకుని ఉండి చూసింది. మార్కోస్ వంగి మూడో రాయి పెట్టాడు, సిల్వియా పక్కన తల వంచుకుని నిలబడింది. పోయి ఆ రాళ్ళు పీకి అవతల పారేయాలనిపించింది లచ్చమ్మకు. బిక్షం ఠాణాలో కూర్చున్న రోజు గుర్తొచ్చి ఆగిపోయింది.

అడగడానికి ఊరంతా ఉంది కదా, అందర్నీ అడిగింది. కిరాణా కొట్టాయన, "నిప్పు లేంది పొగ రాదు లచ్చమ్మా" అన్నాడు. ఊరి వీఆర్వో, "నాకైతే ఏ కాగితం రాలేదు" అన్నాడు. అప్పుడు కూడా నోటీసు వచ్చే ముందు రోజు దాకా వీఆర్వో ఇదే మాట అన్నాడు. అందుకే ఆ మాట విన్నాక భయం రెట్టింపయింది. పక్క పొలం మొగులయ్య మూడు రాళ్ళనూ వంగి చూసి, "చెల్లె, ఇయ్యాల నీ గెట్టు, రేపు నా గెట్టు" అని మొహం వేలాడేసుకుని పోయాడు. అనుమానంతో చూసే కంటికి అంతా సాక్ష్యమే కనిపిస్తుంది. రాళ్ళు పెట్టిన ఇద్దరూ ఆమె నెత్తి మీదే కాపురముంటున్నారు, ఆ రాళ్ళెందుకని వాళ్ళను మాత్రం అడగలేదు.

నాలుగో రాయి కనిపించిన రోజు మరిది మల్లేశ్వర్‌ను పిలిపించింది. అతను బిక్షానికి తమ్ముడు. భూములు అమ్మించి కమీషన్ తీసుకోవడం పని. ఊళ్ళో ఎవరింట్లో భూమి మాట వచ్చినా ముందు అతనికే ఫోన్ పోతుంది. గట్టు చూసి, ముక్కు మీద వేలేసుకున్నాడు.

"వదినా, తెల్లోళ్ళు మన పాల్మాకులల కిరాయికి ఉత్తగనే ఉంటరా? కంపెనీ మనుషులు. ముందుగాల దేవుడని వస్తరు, ఎనుక మిషన్లొస్తయి."

"గట్లయితే నేనేం జెయ్యాలె?"

"నోటీసు రాకముందే అమ్ముకోవాలె. కొనే పార్టీ నా చేతిల ఉన్నడు. నోటీసొచ్చినంక కుక్క గూడ కొనది."

"భూమి పోయేదే అయితే గాయనెందుకు కొంటడు?" అంది లచ్చమ్మ. ఆ మాట అడక్కపోతే ఆమె లచ్చమ్మే కాదు.

మల్లేశ్వర్ దగ్గర దానికీ జవాబుంది. "గాయన పట్నపోడు. పెద్దపెద్దోళ్ళు ఎరుక. నోటీసును ఆపుకుంటడు. నువ్వు ఆపుకుంటవా?"

నిజమే. బిక్షం అంతటి మనిషి ఒక్క రాయిని ఆపలేకపోయాడు. ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన నవీన్‌కుమార్ కూడా, "అమ్మా, ఇయ్యాల అమ్మితే నీ ధర, రేపయితే వాళ్ళ ధర. జల్ది తేల్చు" అన్నాడు. ఐదో రాయి పడ్డ రోజు బయానా కాగితం మీద వేలిముద్ర పడింది. పార్టీకి తొందరగా ఉందని మల్లేశ్వర్ రెండు రోజుల్లో రిజిస్ట్రేషన్ పెట్టించాడు. చిక్కుడు కాపు అయిపోయేదాకా కోసుకోనిస్తామని ఒక దయ కూడా చూపించారు.

ఆ రెండు రోజులూ సిల్వియా కిందికి వస్తే లచ్చమ్మ మొహం తిప్పుకుంది. చిక్కుడుకాయల గంప ముందుకు లాక్కుంటే చేతిలోంచి గుంజుకుంది. ఆ పిల్లకు ఏం తప్పు చేసిందో తెలియలేదు. రాత్రి పెరుగు కోసం గిన్నె పట్టుకుని వచ్చి, అడక్కుండానే మెట్లెక్కి పోయింది. లచ్చమ్మకు జాలి కలిగింది, ఆ జాలి మీద కోపం కూడా వచ్చింది. నా భూమికి గుర్తులు పెట్టి నా దగ్గరికే పెరుగుకొస్తుందా అనుకుంది.

రిజిస్ట్రేషన్ మధ్యాహ్నానికల్లా అయిపోయింది. అంత పెద్ద పని అంత చిన్న గదిలో, అంత తొందరగా అయిపోతుందని లచ్చమ్మ అనుకోలేదు. బొటనవేలికి అంటిన సిరాను కొంగుకు తుడుచుకుంటే పోలేదు. ఇంటికి పోబుద్ధి కాలేదు. గంప తీసుకుని చిక్కుడు కోస్తానని నేరుగా పొలానికి పోయింది. కాయలున్నాయో లేవో ఆమెకే తెలియదు. ఇంకొక్కసారి అక్కడ నిలబడాలని పోయింది.

పోయేసరికి మార్కోస్, సిల్వియా పొలం చుట్టూ గట్టు మీద నడుస్తున్నారు. పొద్దుటి పూట కాకుండా సాయంత్రం వచ్చారేమిటి అనుకుంది. వాళ్ళు ఒక చుట్టు తిరిగి, ఆగకుండా ఇంకో చుట్టు మొదలుపెట్టారు. లచ్చమ్మ చిక్కుడు పందిరి పక్కన నిలబడి చూసింది. మూడు చుట్లు ఆమె చూస్తుండగానే తిరిగారు. ఆ తర్వాత సిల్వియా తూర్పు మూలకు వచ్చి, ఆరు రాళ్ళ పక్కన ఏడో రాయి పెట్టి, కళ్ళు తుడుచుకుని, లేచి చూసేసరికి ఎదురుగా లచ్చమ్మ ఉంది.

ఇప్పుడిక పోయేదేమీ లేదు. అందుకే కాబోలు, ఇన్ని రోజులు నోట్లోంచి రాని మాట చాలా తేలిగ్గా వచ్చేసింది.

"గీ రాళ్ళెందుకు పెడుతున్నరు?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "క్షమించండి," అంది సిల్వియా. "ప్రార్థన అని చెప్పిన యెడల ఊరిలో గొడవలు జరుగునని, ఎవరికీ చెప్పవద్దని పాస్టరు గారు అన్నారు. కానీ మీరు అడిగితే నేను అబద్ధము చెప్పలేను. మేము ఒక్కొక్క ఇంటి కొరకు, ఒక్కొక్క పొలము కొరకు ఏడు దినములు ప్రార్థిస్తాము. దినమునకు ఒక రాయి. ఏడవ దినమున ఏడు సార్లు చుట్టూ తిరుగుతాము. పూర్వము మా భక్తులు రాళ్ళను గుర్తుగా నిలిపేవారు."

"ప్రార్థన," అంది లచ్చమ్మ. "కంపెనీ గాదు?"

"ఏ కంపెనీ?" మార్కోస్‌కు అర్థం కాలేదు.

"గోడకు పటం పెట్టిన్రు గద. నా ఇంటికి ఎర్ర గుర్తు పెట్టిన్రు."

మార్కోస్ నవ్వాడు. "మేము అక్కడ నివసిస్తున్నాము కదా! చీకటిలో దారి తప్పకుండా."

"మరి నా భూమికి ఏమని మొక్కిన్రు?"

"మీ పంట కొరకు. మీ మోకాళ్ళ కొరకు," అంది సిల్వియా. "ఈ నేల మీద మీరు చాలా కాలము సంతోషముగా ఉండవలెనని."

లచ్చమ్మ అక్కడే, చిక్కుడు పాదుల మధ్య కూలబడింది. కాళ్ళ కింది భూమి కదిలిందని అనుకుందామన్నా ఆ భూమి ఆమెది కాదు. ఏడుపు తన్నుకొచ్చింది. సిల్వియా పరుగున వచ్చి పక్కన కూర్చుని భుజం పట్టుకుంది. రెండు రోజులుగా మొహం చాటేసిన మనిషి భుజమని కూడా చూడలేదు.

"అమ్మిన బిడ్డా," అంది లచ్చమ్మ. "ఇయ్యాలనే అమ్మిన."

"ఎందుకు?"

నాలుక చివరి దాకా వచ్చింది. నీ రాళ్ళ వల్లనే అని ఒక్క మాటంటే చాలు, ఆ పిల్ల జన్మలో మళ్ళీ కుదుటపడదు. సముద్రాలు దాటొచ్చి, పాలు పొంగబెట్టుకుంటూ, విమానానికి భయపడుకుంటూ, తన కోసం చలిలో ఏడు రోజులు తిరిగిన పిల్ల. లచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ముసల్దాన్నయిన. మోకాళ్ళు లేస్తలేవు. గందుకే."

సిల్వియా మొహం విప్పారింది. "అయితే దేవుడు మీ భారమును తీసివేశాడు!" అంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని కృతజ్ఞత చెప్పుకున్నారు. లచ్చమ్మకు కోపమొచ్చింది. వాళ్ళ మీద కాదు, తన మీద. కిరాణా కొట్లో అడిగింది, వీఆర్వోను అడిగింది, మరిదిని అడిగింది. ఇంట్లో ఉన్న పదమూడు మెట్లు ఎక్కి ఒక్క మాట అడగలేకపోయింది. ఇంత తెలివి తక్కువ మనిషిని తను ఎక్కడా చూడలేదు.

మార్కోస్ లేచి మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు. "ఇక మొగులయ్య గారి పొలము," అన్నాడు ఉత్సాహంగా. "ఈ ఉదయమే మొదటి రాయి పెట్టాము."

లచ్చమ్మ తల తిప్పి చూసింది. పక్క పొలం గట్టు మూల మీద మొగులయ్య నిలబడి ఉన్నాడు. నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని కిందికి రాయి వైపే చూస్తున్నాడు. రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఎవరికి చేస్తున్నాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మొగులన్నా!" లచ్చమ్మ గంప వదిలేసి లేచింది. "ఫోన్ పెట్టెయ్!"

"ఆగు చెల్లె, మల్లేశ్వర్ లైన్ల ఉన్నడు."

"పెట్టెయ్యమంటున్న!" చిక్కుడు పాదులు తొక్కుకుంటూ, పందిరి గుంజ తగిలి చీర చిరిగినా చూసుకోకుండా పరుగెత్తింది. ఆ మోకాళ్ళతో ఆమె పరుగెత్తడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. "గవి సర్వే రాళ్ళు గావన్నా! మన కోసం మొక్కుకుంట పెట్టిన రాళ్ళు! నేను అడగలే. ఊరందర్ని అడిగిన గాని వీళ్ళను అడగలే. అడగకుంటనే అమ్ముకున్న!"

వెనక సిల్వియాకు ఊరి మాట ఇంకా సగమే అర్థమవుతుంది. కానీ అడగలే, అమ్ముకున్న అన్న రెండు మాటలూ అర్థమైనట్టున్నాయి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. లచ్చమ్మ ఒక్కసారి వెనక్కి చూసింది. దాచుదామనుకున్నది దాగలేదు. ఇప్పుడు ఆగి సముదాయించే తీరిక లేదు.

రొప్పుతూ గట్టెక్కి, తెల్లబోయి చూస్తున్న మొగులయ్య చేతిలోంచి ఫోను లాక్కుని చెవికి పెట్టుకుంది.

"మల్లేశ్వర్, నేను వదినను," అంది. "మొగులన్న అమ్మడు."